అందరం ఒక్కసారే తాగాలి

పాస్టరుగారు బల్ల మీది తెల్లగుడ్డ తీసి మడతపెడుతున్నారు, మూలకి మూల కలిసేలా, చావుకైనా పెళ్ళికైనా ఆయనది ఒకటే నెమ్మది, ఆ నెమ్మది చూస్తుంటే నాకు ఒళ్ళంతా కారం రాసినట్టుంది, ఎందుకంటే బల్లకి ఆ పక్కన తెల్లచొక్కా గుండీ మెడదాకా పెట్టుకుని, చేతులు ముందుకి కట్టుకుని, తల వంచి నిలబడినవాడు పరంజ్యోతి. మా సంఘానికి పెద్ద. రాజాం రోడ్డులో రైసుమిల్లు ఉన్నవాడు. పదకొండు రోజుల కిందట ఆసుపత్రిలో, కేజువాల్టీ గదిలో, డ్యూటీలో ఉన్న నా కూతురు కృపారాణిని చెంప మీద కొట్టినవాడు. ఈ రోజు నెలలో మొదటి ఆదివారం, ప్రభువు బల్ల. ఆ చేత్తోనే ఇంకాసేపట్లో నాకు రొట్టె అందిస్తాడు. రేపు సోమవారం పొద్దున్న పది గంటలకి ఆసుపత్రి మేనేజరు గదిలో క్షమాపణ కాగితం మీద సంతకం పెట్టాలి. కొట్టినవాడు కాదు, దెబ్బ తిన్నది పెట్టాలి. పెట్టకపోతే కాంట్రాక్టు కొనసాగదు అన్నారు. ఫ్యాన్ల గాలంతా మగాళ్ళ వైపే పోతోంది, నా ముసుగు కింద చెమట కారి కళ్ళల్లో పడుతోంది, పక్కన తవిటప్ప ఒంటినుంచి చుట్టవాసన, వరసకి నాకు అప్ప, నాకన్నా ఇరవైయేళ్ళు పెద్దది, ప్రార్థనలో కూడా గుసగుసలు మానదు, "ఏటే దేవమణీ, ఆడికేసి అలా సూస్తన్నావు, సొక్కా కాలిపోద్ది" అంటోంది.

కళ్ళు మూసుకుని మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి అన్నారు పాస్టరుగారు. మూసుకున్నాను. మూసుకోగానే మళ్ళీ అదే. వాడి మోటారుసైకిలు చీపురుపల్లి దారిలో ఇసక మీద జారాలి, కాలు రెండు చోట్ల విరగాలి, ఎండలో పడుండి దాహం దాహం అనాలి, ఇక్కడిదాకా బాగానే ఉంటుంది, కడుపులో చల్లగా ఉంటుంది, చిక్కంతా తరవాతే. విరిగిన కాలుతో వాణ్ణి ఎక్కడికి తీసుకెళ్తారు? కేజువాల్టీకే. అక్కడ ఎవరుంటారు? నా పిల్లే. ఆ కాలు పట్టుకోవలసింది అదే, ఆ రక్తం తుడవాల్సింది అదే, డాక్టరింకా రాడేటని వాడి బామ్మర్దులు చుట్టూ మూగి అరిచేది దాని మీదే. సరే, మోటారుసైకిలు వద్దు. మిల్లులో బెల్టుకి చెయ్యి చిక్కుకోవాలి, అదే చెయ్యి, కుడిచెయ్యి. అదీ కేజువాల్టీకే. గుండెపోటు అంటే అన్నిటికన్నా ముందు కేజువాల్టీకే. నేను ఏ శాపం పెట్టినా అది తిన్నగా పోయి నా కూతురి చేతుల్లో పడుతుంది. అందుకని నాలుగు రోజుల నుంచి వారం చూసి అడుగుతున్నాను. ప్రభువా, చేస్తే మంగళవారం చెయ్యి, మంగళవారం కృపకి సెలవు. అడిగి లేస్తానో లేదో మళ్ళీ భయం, మంగళవారం తోటి నర్సు మెర్సీ ఒక్కతే డ్యూటీలో ఉంటుంది, తల్లి లేని పిల్ల, దాన్ని కొడితే అడగడానికి నాలాంటి పిచ్చిది కూడా లేదు. దేవుడు మంగళవారం వినడు, బుధవారం వినడు. ఆయనకి డ్యూటీ చార్టు ఎవరిస్తారు?

కేజువాల్టీ అంటే నాకూ మొదట్లో తెలియదు. తెల్ల బట్టలేసుకుని సూదులిచ్చే చోటనుకున్నాను. పది మంచాలు, కాగితాల మీద నలుగురు నర్సులు, మంచాల దగ్గర ఇద్దరు. ఎనిమిదికెక్కితే రెండుకి దిగాలి, దిగేసరికి నాలుగు, ఒక్కోసారి ఎనిమిది, వచ్చేవాళ్ళు రాకపోతే ఉన్నవాళ్ళే ఉండాలి. బాత్రూము ఆ చివర ఉంది కాబట్టి నీళ్ళు తాగదు. నీళ్ళు తాగక రెండుసార్లు మూత్రంలో మంట, చలిజ్వరం, ఆ జ్వరంతోనే వెళ్ళింది. పురుగుమందు తాగినవాళ్ళు, ఒంటికి నిప్పంటించుకున్నవాళ్ళు, లారీ కిందినుంచి తీసినవాళ్ళు, వాళ్ళతో పాటు పదిహేనుమంది చుట్టాలు, తాగొచ్చిన బావలు, గుండెలు బాదుకునే అత్తలు. డాక్టరు లోపల ఆపరేషన్లో ఉంటే అరవడానికి దొరికేది నర్సే. చచ్చిపోయినవాళ్ళ తాలూకు వాళ్ళు ఎవర్ని తిట్టాలో తెలియక దాన్ని తిడతారు. నువ్వే చంపేశావు అంటారు. ఆ మాట విని ఇంటికొచ్చి అది అన్నం ముందు కూర్చుంటే ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. కుక్కరు విజిలేస్తే గోడకి అతుక్కుపోతుంది. నిద్రలో పెదాలు కదుపుతుంది, వంగి వింటే అంకెలు, ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు. తిత్లీ తుఫానప్పుడు మూడు రోజులు ఇంటికి రాలేదు. ఎగిరిన రేకులకి చేతులు తెగినవాళ్ళు, కొబ్బరిచెట్లు మీద పడ్డవాళ్ళు ఉద్దానం వైపు నుంచి ట్రాక్టర్ల మీద వచ్చారట. సెల్లు టవర్లు లేవు. నేను ఫోన్ నొక్కుతూనే ఉన్నాను, నొక్కినప్పుడల్లా చచ్చిపోయిందనే అనుకున్నాను. నా భయాలు నాకు తెలుసు, బస్సు పావుగంట ఆలస్యమైతే శవపేటిక దాకా వెళ్ళిపోయే రకం నేను. సూది గుచ్చుకుంటే ఎయిడ్సు, దగ్గితే టీబీ, దారిలో కుక్క. అన్నిటికీ భయపడ్డాను. ఎవరో తాగుబోతు కొడతాడేమోనని కూడా భయపడ్డాను. ప్రతి ఆదివారం మా ముందు నిలబడి ప్రార్థన చేసేవాడు కొడతాడని మాత్రం భయపడలేదు. అంత భయస్తురాలినీ ఆ ఒక్క భయం మరిచిపోయాను.

పాట మొదలైంది. పరంజ్యోతి గొంతు అందరికన్నా పైకి. పాడు, పాడు. ఆ గొంతుతోనే కదా. ఆ బుధవారం మధ్యాహ్నం మూడింటికి, గట్టు మీద గడ్డి కోసుకుంటున్న భారతి అనే కూలిమనిషిని నాగు కరిచిందని ఆటోలో తెచ్చారు. వచ్చేసరికే రెప్పలు వాలిపోయాయట, మాట ముద్దైపోయిందట, ఊపిరి అందడం లేదట. పాముమందు ఎక్కిస్తూ, గొట్టం వేసి, డాక్టరు ఇంకో ప్రాణం పోతోందని లోపలికి పరిగెత్తితే, ఊపిరి పోసే మిషను ఖాళీ లేక, కృప చేతులతో గాలిసంచి నొక్కుతోంది. దాన్ని రెండు చేతులతో నొక్కుతూనే ఉండాలి. వదిలితే ఊపిరి ఉండదు. అప్పుడొచ్చాడు పరంజ్యోతి, వాడి కొడుకు ప్రకాష్‌ని పట్టుకుని. బండి మీంచి పడి గడ్డం చీరుకుంది, చొక్కా నిండా రక్తం. చూడ్డానికి భయంగా ఉంటుంది గాని గడ్డం చీరుకుంటే ఎవరూ చచ్చిపోరు, అది నాకు కూడా తెలుసు ఇప్పుడు. మెర్సీ పరిగెత్తుకొచ్చి దూది మడతపెట్టి, అంకుల్ గట్టిగా అదిమి పట్టుకోండి, కుట్లు వెయ్యడానికి ఇప్పుడే వస్తారు అని చెప్పి కాలిన మనిషి దగ్గరికి పోయింది. ఎంత, పది నిమిషాలు. పన్నెండేమో. వాడు తిన్నగా కృప దగ్గరికి వెళ్ళాడు. "నా కొడుకు రగతం కారిపోతంటే ఎవులో కూలిముండకి గాలి కొడతన్నావేటి" అని, కొట్టాడు. కృప చేతులు రెండూ సంచి మీదున్నాయి. చెంప అడ్డుపెట్టుకోవడానికి చెయ్యి లేదు. "సెయ్యి తియ్యనేదమ్మా" అని చెప్పింది నాకు, ఏడవకుండా, ఎవరి సంగతో చెబుతున్నట్టు, "కొట్టాక కూడా అంకె తప్పనేదు, ఒకటి రెండు మూడు, నొక్కడం, ఒకటి రెండు మూడు, నొక్కడం." భారతి బతికింది. ఆరో రోజున నడిచి ఇంటికెళ్ళిందట, వెళ్ళే ముందు నా పిల్ల చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుందట. పరంజ్యోతి ఆ సాయంత్రమే కృప మీద కాగితం పెట్టాడు, డ్యూటీలో నిర్లక్ష్యం, పేషెంటు తాలూకు వాళ్ళతో దురుసుతనం. కొడుక్కి నాలుగు కుట్లు.

సంఘపెద్దలు ఇద్దరు మా ఇంటికి వచ్చారు, కాఫీ తాగారు, గ్లాసులు కింద పెట్టి గొంతు సవరించుకున్నారు. పెద్దాయన, బిడ్డ రక్తం చూసి తొందరపడ్డాడు, మనలో మనకి కేసులేటి, సైతాను సంబరపడిపోతాడు అన్నారు. క్షమించడం మన ధర్మం అన్నారు. నాకు క్షమించడం నేర్పుతున్నప్పుడు వాళ్ళ కళ్ళు మా ఇంటి పైకప్పు మీదున్నాయి, నా మొహం మీద లేవు. ఎవరైనా అడిగితే కదా క్షమించడానికి అన్నాను. అడిగినట్టే అనుకోమ్మా అన్నారు. అడిగినట్టే అనుకోవడం! ఆకలేస్తే తిన్నట్టే అనుకుంటామా. ఆ మర్నాడు మేనేజరు కృపని పిలిచి, మిల్లు ఓనరు కదా, మన ట్రస్టులో తెలిసినవాళ్ళున్నారు, రెండు లైన్లు రాసి సంతకం పెట్టేయి, అయిపోతుంది అన్నాడట. పెట్టనని చెప్తుందనుకున్నాను. నా పిల్ల మొండిది, చిన్నప్పుడు మాట్లాడనంటే రెండు రోజులు మాట్లాడేది కాదు. ఈసారి మాత్రం కాళ్ళు నీళ్ళ బకెట్లో పెట్టుకుని కూర్చుని, "ఎట్టేస్తానమ్మా. నా తప్పే అని రాసేస్తాను. నాకు ఎవరితోటీ దెబ్బలాడే ఓపిక నేదు. నాకు పడుకోవాలని ఉన్నాది" అంది. ఆ మాట విన్నాక నాకు కోపం మారిపోయింది. అంతకు ముందు చెంప మీద దెబ్బకి కోపం. ఆ తరవాత ఈ అలుపుకి. చేతులు గాలిసంచి మీదున్నప్పుడు లొంగనిది ఇంట్లో బకెట్ ముందు లొంగిపోయింది. సంతకం పెడితే అది కాగితంతో పోదు. ఇక మీద ఎవరు కొట్టినా, ఇదివరకు ఒకసారి ఒప్పుకుంది కదా అంటారు. వచ్చే నర్సుల్ని కూడా అంటారు. ఈ రోజు పొద్దున్న డ్యూటీకి వెళ్తూ గడప మీద ఆగి, "అమ్మా, సర్చిలో నోరెత్తకు. ఒట్టెయ్యి" అంది. మనం ఒట్లు వెయ్యకూడదే అన్నాను. "అయితే మాటివ్వు" అంది. ఇచ్చాను. దాని మెడ వెనక జుట్టు కింద చిన్నప్పటి వాసన ఇంకా ఉంది.

"ఎవరికైనా ఎవరిమీదైనా ఏదైనా ఉంటే, బల్ల దగ్గరికి రాకముందే సరిచేసుకోండి" అన్నారు పాస్టరుగారు. నెలనెలా అంటారు. అని, ఒకసారి దగ్గేంత సేపు ఆగుతారు. ముప్పయ్యేళ్ళలో ఆ దగ్గులో ఎవరూ లేచి నిలబడలేదు. ఇప్పుడు, ఇప్పుడు. మాటిచ్చాను కదా. దగ్గు అయిపోయింది. రొట్టె పళ్ళెం ఎత్తారు.

మాటిచ్చినందుకు లేవలేదని చెప్పడం అబద్ధం. ఇంకొకటుంది. నిన్న మెర్సీ మా ఇంటికి వచ్చింది, కృప లేనప్పుడు, చీరకొంగు చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుని, ఆంటీ ఒక మాట, కృపకి నేను చెప్పానని చెప్పకండి అంది. కొట్టే ముందు పరంజ్యోతి ఇంకో మాట కూడా అన్నాడట. "మీయమ్మ సర్చిలో నిలబడి ఏటి సెప్పింది? మనోలు లైన్లో నిలబడక్కర్నేదని సెప్పిందా నేదా?" అది అన్నాకే చెయ్యెత్తాడట. పదకొండు రోజులు నా కూతురు నా దగ్గర ఆ మాట దాచింది. చెంప చూపించింది గాని ఆ మాట చూపించలేదు. నేను చెప్పాను. నిజమే, చెప్పాను. మూడేళ్ళ కిందట దానికి ఉద్యోగం వచ్చినప్పుడు కృతజ్ఞత కూటంలో, ఇదే కిటికీ పక్కన లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. కొత్త చీర కట్టుకున్నాను. నా జీవితంలో మొదటిసారి సంఘమంతా నాకేసి చూస్తోంది, కూలికెళ్ళే దేవమణి కూతురు నర్సమ్మ అయింది అని చూస్తోంది, ఆ చూపులు తలకెక్కాయి, దేవుడి మేలు చెప్పి కూర్చోవలసింది కూర్చోలేదు, ఇక మన సంఘంలో ఎవరికే ఆపదొచ్చినా భయం లేదు, మా కృప ఉంది, మనవాళ్ళు లైన్లో నిలబడే పని లేదు అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. పరంజ్యోతి ఆమెన్ అందరికన్నా గట్టిగా వినిపించింది, అప్పుడు నాకు ఎంత గర్వమో, మిల్లు ఓనరు నా మాటకి ఆమెన్ అన్నాడని. కేజువాల్టీ గదిలో ఎవరు ముందో ఎవరు వెనకో తెలియకుండానే ఆ గది తాళం చెవి నా దగ్గరున్నట్టు మాటిచ్చేశాను. నిన్నటినుంచి నాకు వాడి మీద పగ రెట్టింపయింది. నా తప్పుని తీసుకెళ్ళి నా పిల్ల చెంప మీద పెట్టాడు. కొట్టాలంటే నన్ను కొట్టాలి కదా, ఈ కిటికీ పక్కకొచ్చి.

రొట్టె నా వరసకి వచ్చింది. పరంజ్యోతే తెచ్చాడు, పళ్ళెం వరస చివర అందించాడు, చేతులు మారి నా దగ్గరికి వచ్చింది, నేను తియ్యకుండా తవిటప్పకి ఇచ్చేశాను. ఆవిడ నా తొడ గిల్లింది. "ఒలే, తీసుకోవేటి? అందరూ సూస్తన్నారు." చూడనీ. రొట్టె ఎవరికి వాళ్ళు అందుకోగానే తినేస్తారు, నేను తినకపోతే ఎవరికీ అడ్డం లేదు, ఏదో అనారోగ్యం అనుకుంటారు, బయటుందేమో అనుకుంటారు. నా కోపం వాళ్ళ పళ్ళెంలో ఒక ముక్క మిగలడంతో సరి. అలా ఎలా? ఇంకో సంగతి చెప్పనా, ఎవరికీ చెప్పనిది. రొట్టె తరవాత వచ్చే ద్రాక్షరసం నిన్న సాయంత్రం కాచింది నేను. స్త్రీల సమాజంలో ఈ నెల వంతు నాది. ఎండుద్రాక్ష నానబెట్టి, పిసికి, వడకట్టి, పొయ్యి మీద పెట్టి కలుపుతుంటే, పెరటి గోడ పక్క పచ్చగన్నేరు కాయలు కనిపించాయి. ఆ కాయలు నూరుకు తాగినవాళ్ళని వారానికొకర్ని చూస్తుంది నా కూతురు. గరిటె ఆపి ఎంతసేపు చూశానో తెలియదు, రసం పొంగింది. అప్పుడు కూడా నన్ను ఆపింది పాపభయం కాదు. ఏ గ్లాసు వాడికి వెళ్తుందో చెప్పలేం, అరవైమంది ఒక్కసారి పడిపోతే మంచాలు పది, నర్సులిద్దరు. పొయ్యి ఆర్పేసి చేతులు మూడుసార్లు కడుక్కున్నాను, కృప కడుక్కున్నట్టు, మోచేతుల దాకా.

ఇప్పుడు గ్లాసుల పళ్ళెం బయలుదేరింది. వేలెడంత గాజు గ్లాసులు, నేను తోమినవే. మా సంఘంలో రొట్టెలా కాదు గ్లాసు. తీసుకున్నవాళ్ళు తాగకూడదు, పట్టుకుని లేచి నిలబడాలి. ఆఖరి మనిషికి అందేదాకా అందరూ చేతిలో పట్టుకుని ఆగాలి. అప్పుడు పాస్టరుగారు చెప్తారు, అందరం ఒక్కసారే తాగాలి, ఒకే శరీరమని గుర్తు. ఒకసారి చర్చి బయట చెప్పులు వెతుక్కుంటున్న ముసలాయన కోసం కూడా అందరూ గ్లాసులు పట్టుకుని ఆగారు, ఆయన వచ్చేదాకా ఎవరూ పెదవి తడుపుకోలేదు. ఒక్కరు తాగకపోతే ఎవరూ తాగకూడదు. ఒక్కరు. మోటారుసైకిలు, బెల్టు, గన్నేరుకాయ, అన్నీ వెతికాను గాని ఇది వెతకలేదు. దీనికి కేజువాల్టీ అక్కర్లేదు. ఒక్క రక్తపుచుక్క పడదు. పళ్ళెం వచ్చింది. తవిటప్ప నేను తియ్యననుకుని చెయ్యి చాపింది, నేను ముందే తీసేశాను. తీసుకోకపోతే వాళ్ళకి నా అవసరం ఉండదు. లేచి నిలబడ్డాను. అందరూ నిలబడ్డారు, పిల్లలు, ముసలాళ్ళు, ముందు వరసలో పరంజ్యోతి భార్య పద్మకుమారి, గడ్డానికి పట్టీతో ప్రకాష్. పాస్టరుగారు గ్లాసెత్తారు.

"పాస్టరుగారూ, నాను తాగనేను" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది, సన్నగా, ఇనపరేకు మీద మేకుతో గీసినట్టు. ఆయన గ్లాసు గాల్లోనే ఉంది. "దేవమణమ్మా, కూర్చో తల్లీ. తరవాత మాట్లాడుకుందాం" అన్నారు. "తరవాతంటే రేపు పది గంటలైపోద్దండి" అన్నాను. తవిటప్ప నా కొంగు పట్టి లాగుతోంది. ఎక్కడో ఎవరో పిల్లవాడు నవ్వాడు, వాడి నోరు మూశారు. పరంజ్యోతి మా వరస పక్కనే, నడవలో, పళ్ళెం పట్టుకుని ఉన్నాడు. రెండు చేతులూ పళ్ళేనికే ఉన్నాయి. నాకూ వాడికీ మధ్య తవిటప్ప ఒక్కతే, చెయ్యి చాపితే అందుతాడు. నున్నగా గీసుకున్న చెంప, చెవి దగ్గర కొంచెం సబ్బునురుగు ఎండిపోయి ఉంది. ఇప్పుడు కొడితే అడ్డుపెట్టుకోవడానికి చెయ్యి లేదు. నా అరచెయ్యి మండింది, నిజంగా మండింది, కొట్టేసినట్టే. కొడితే నాకు బాగుంటుంది, నా పిల్లకి మాత్రం రేపు రెండు కాగితాలవుతాయి. చెయ్యి చీరకి రుద్దుకున్నాను.

"ముందు నా తప్పు సెప్తాను" అన్నాను. "మూడేళ్ళకిందట ఇక్కడే నిలబడి మనోలు లైన్లో నిలబడక్కర్నేదని అన్నాను. అబద్దం సెప్పాను. నా గొప్పకోసం సెప్పాను. ఆ గదిలో మనోలు, పైవోలు అని నేరు. ఊపిరి పోతన్నోలు ముందు, రగతం కారతన్నోలు తరవాత. ఆ మాట నమ్మి పరంజ్యోతిగారు నా కూతురు కాడికెళ్ళారు. అది నా తప్పు, సంఘం ముందు ఒప్పేసుకున్నాను. ఇంక ఆరి తప్పు ఆరు ఒప్పుకోవాలి. అప్పుడు తాగుతాను."

"ఇది బల్ల టైము. పంచాయితీ టైము కాదు" అన్నాడు పరంజ్యోతి, నాకు కాదు, పాస్టరుగారికి.

"బల్ల టైమే కదండీ, ఇప్పుడే కదా అడగమన్నారు."

అందరి చేతుల్లో గ్లాసులు. తాగడానికి లేదు, దించడానికి లేదు. నిమిషం అయిందో, రెండో. వాడి మెడ ఎర్రబడుతోంది, గుండీ దగ్గర మొదలై పైకి. పళ్ళెం అంచు మీద వేళ్ళు తెల్లబడుతున్నాయి. నాకు ఎంత హాయిగా ఉందో చెప్తే తప్పు, చెప్పకపోతే ఇంకా తప్పు. ఎండలో తిరిగొచ్చి కుండలో నీళ్ళు తాగినట్టుంది. ఆగు, ఇంకా ఆగు. నా కొంగు లాగుతున్న చెయ్యి వదిలేసింది. తవిటప్ప వాడికేసి మెడ చాపి, "కొట్టినప్పుడు బేగే కొట్టీసేవు కదా బాబూ, సెప్పడానికేటి ఆలీసం? నా మోకాళ్ళు పీకెడతన్నాయి" అంది. మగాళ్ళ వైపు ఎవరో దగ్గు నటించి నవ్వు మింగారు. అప్పుడు ముందు వరసలోంచి పద్మకుమారి, మొగుడికేసి తిరక్కుండానే, బల్లకేసే చూస్తూ అంది, "సెప్పేయండి. నానూ అక్కడే ఉన్నాను. ఆ పిల్ల సేతులు కాళీ నేవు."

"కొట్టాను" అన్నాడు, పళ్ళెంలోకి.

"ఎనకున్నోలకి వినపడనేదండి" అన్నాను.

"కొట్టాను. తప్పయిపోయింది." ఈసారి గోడలకి కూడా వినబడింది. పాస్టరుగారు ఊపిరి వదిలి, దేవునికి స్తోత్రం అని గ్లాసెత్తారు. అరవై మోచేతులు కదిలాయి. "ఇంకా అవనేదండి" అన్నాను. మోచేతులు ఆగిపోయాయి. "ఆసుపత్రికి ఇచ్చిన కాగితం ఎనక్కి తీసుకుంటన్నానని రాసివ్వమనండి. రేపు పొద్దున్న మేనేజరుకి నానే అట్టుకెళ్తాను." పరంజ్యోతి నా మొహంలోకి చూశాడు, పదకొండు రోజుల్లో మొదటిసారి. ఇంకా ఏమైనా అంటాడనే అనుకున్నాను, అంటే అనడానికి నా దగ్గర చాలా ఉంది, అంటే బాగుణ్ణని కూడా అనుకున్నాను. వాడు పళ్ళెం బల్ల మీద పెట్టాడు. ప్రకాష్ గడ్డం పట్టీ తడుముకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పాస్టరుగారు జేబులోంచి పెన్ను ఇచ్చారు, ఈ వారం పాటల కాగితం వెనక్కి తిప్పి ఇచ్చారు. వాడు బల్ల మీదికి వంగి రాశాడు. పెన్ను గీస్తున్న చప్పుడు వినిపించింది. తేదీ వేశాడు, సంతకం పెట్టాడు, తెచ్చి నాకిచ్చాడు. నా ఎడమ చేతిలో గ్లాసు, కుడిచేతిలో కాగితం.

"ఇంక తాగుదామా అమ్మా" అన్నారు పాస్టరుగారు, చాలా మెత్తగా.

"సదివి సెప్తానండి."

"ఇలా ఇవ్వండి, నేను చదివి వినిపిస్తాను."

"వద్దండి. నానే సదువుకుంటాను."

నేను అయిదో తరగతి దాకా చదువుకున్నాను. పొద్దున్నే లేచి వాక్యం గడగడా చదివేదాన్నే, ఈ ఆరు లైన్లు నాకు ఎంత. గ్లాసు తవిటప్ప చేతికిచ్చి, కాగితం కిటికీ వెలుగులోకి తిప్పి, మొదటి మాట కింద వేలు పెట్టాను. 'నే' అని చదివాను. తరవాత 'ను' అని చదివాను. తల ఎత్తి చూశాను. అందరూ నిలబడే ఉన్నారు, నడవలో పరంజ్యోతి కూడా, చేతిలో తన గ్లాసుతో. మళ్ళీ కాగితంలోకి చూసి, నెమ్మదిగా, రెండో మాట కిందికి వేలు జరిపాను.